ఎడమ పక్క మ్యాపు

లైన్‌మాన్‌కి ఆ సంస్థలో ఎవరి మీదా గౌరవం లేదు. దాన్ని దాచుకోవాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. ఎందుకంటే అతని గదికి వచ్చినవాళ్ళెవరూ అతని మొహం చూడరు. తెర వైపే చూస్తారు.

అతను కరెంటు స్తంభాలెక్కే లైన్‌మాన్ కాదు. పంట మొక్కల జన్యు మ్యాపులను పక్కపక్కన పెట్టి పోల్చి చూపించే వెబ్‌సైటు అతనిది. మ్యాపుకీ మ్యాపుకీ మధ్య గీతలు లాగుతాడు కాబట్టి లైన్‌మాన్. ఆ పేరు పెట్టిన పెద్దమనిషి రిటైరై వెళ్ళిపోయాడు. పేరు మాత్రం ఇక్కడే ఉద్యోగం చేస్తోంది.

"సర్, ఖాళీయేనా?"

గుమ్మంలో పిచ్చుక నిలబడి ఉంది. జొన్న మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. జొన్న మొక్కల్ని వదిలి ఎక్కడికీ పోదు కాబట్టి మూడో అంతస్తు మొత్తానికీ ఆమె పిచ్చుకే. గోళ్ళ నిండా మట్టి, చేతిలో పెన్‌డ్రైవ్.

"కాదంటే ఊరుకుంటావా? ఇటివ్వు."

ఆమె మళ్ళీ కొత్తగా కట్టుకొచ్చిన మ్యాపును సైటులోకి ఎక్కించాడు. పక్కనే డైరెక్టరు మ్యాపును తెరిచాడు. పెద్ద పనేం కాదు. క్రోమోజోమ్ ఒక పొడవాటి పట్టీ అనుకుంటే, దాని మీద ఏ గుర్తు తర్వాత ఏ గుర్తు వస్తుందో కనిపెట్టి వరసగా పేర్చడమే మ్యాపు. ఒకే పంటకు ఇద్దరు మ్యాపు కడితే రెండు వరసలూ కలవాలి. లైన్‌మాన్ సైటు రెండు పట్టీలనూ ఎదురెదురుగా నిలబెట్టి, ఇటున్న గుర్తు నుంచి అటున్న అదే గుర్తుకు గీత లాగుతుంది. గీతలన్నీ నిచ్చెన మెట్లలా తిన్నగా వస్తే ఇద్దరికీ పేచీ లేదు. ఒకదాన్నొకటి కోసుకుంటూ వస్తే పేచీ ఉన్నట్టు.

ఏడో పట్టీ కింది సగంలో గీతలు కత్తెర వేసినట్టు అడ్డంగా కోసుకున్నాయి. పిచ్చుక మ్యాపులో అక్కడున్న గుర్తులన్నీ ఎర్రగా వెలిగాయి.

"మళ్ళీ ఎరుపే," అంది పిచ్చుక.

"మళ్ళీ ఎరుపే."

"ఆకులు మళ్ళీ కోశాను. డీఎన్‌ఏ మళ్ళీ తీశాను. గొట్టాల మీద నంబర్లు నేనే రాశాను, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. తప్పెక్కడుందంటారు?"

లైన్‌మాన్ కుర్చీలో వెనక్కి వాలాడు. తప్పెక్కడుందో అతనికి తెలుసు. ఆ ఎరుపు రాసింది అతనే. సైటు పెట్టిన కొత్తలో డైరెక్టరు వచ్చి తెర చూసి, "నా మ్యాపు ఎర్రగా కనపడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారయ్యా?" అన్నాడు. అంతే. ఎడమ పక్కనున్న మ్యాపు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుంది, పేచీ వస్తే కుడి పక్కదే ఎర్రబడుతుంది. ఒక్క వరస ప్రోగ్రాం. ఎడమ పక్కన ఎవరి మ్యాపు ఉండాలో వేరే చెప్పక్కర్లేదు. అందుకే లైన్‌మాన్ మనసులో ఆయనకు 'కొలబద్ద' అని పేరు పెట్టుకున్నాడు. ఆయన సరిగ్గా ఉన్నాడా లేదా అని ఎవరూ కొలవరు. మిగతావాళ్ళనే ఆయన పక్కన పెట్టి కొలుస్తారు.

ఇంత చదువుకున్నవాళ్ళు ఒక రంగుకు భయపడి చస్తున్నారే అని అతనికి లోపల్లోపల నవ్వు.

"మళ్ళీ చేసి చూడు," అన్నాడు.

"టైమెక్కడుంది సర్? గురువారం కమిటీ. అప్పటికి ఈ మ్యాపు ఒప్పుకోకపోతే గ్రీన్‌హౌస్‌లో నా మొక్కలు తీసేస్తారు. మొక్కలు పోతే నా డిగ్రీ పోయినట్టే."

"అయితే దేవుడున్నాడు," అన్నాడు లైన్‌మాన్, ఇంకో ఫైలు తెరుస్తూ.

మర్నాడు గ్రీన్‌హౌస్‌లో ఉష్ణోగ్రత చూపించే తెర ఆగిపోయిందంటే అతనే వెళ్ళాల్సొచ్చింది. కంప్యూటరుకు తీగ తగిలించి ఉన్న ప్రతి వస్తువూ అతని నెత్తినే పడుతుంది ఈ సంస్థలో. లోపల గాలి తడిగుడ్డలా మొహానికి తగిలింది. వరసగా కుండీలు, ప్రతి కుండీలో ఒక జొన్న మొక్క, మెడలో ప్లాస్టిక్ చీటీ. ఒక వరసకు నీళ్ళు పోస్తున్నారు, పక్క వరసకు పొయ్యడం లేదు. నీళ్ళు పొయ్యని వరసలో కొన్ని మొక్కలు ఆకులు చుట్ట చుట్టుకుని ఎండిపోతున్నాయి. కొన్ని మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడ్డాయి.

ఆ పచ్చగా ఉన్నవాటి ముందు పిచ్చుక వంగి ఉంది. టికెట్‌కు చిల్లు పొడిచే పరికరంలాంటిదాన్ని ఆకు అంచున పెట్టి నొక్కుతోంది. శనగగింజంత ముక్క తెగి చిన్న గొట్టంలో పడుతోంది. గొట్టం మూత బిగించి, మంచు పెట్టెలో గుచ్చి, పరికరాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచి, మళ్ళీ పక్క మొక్క. ఒక్కసారి కూడా తుడవడం మరిచిపోలేదు. లైన్‌మాన్ తీగలు సరిచేస్తూ, ఎప్పుడో ఒకసారి మరిచిపోకపోతుందా అని చూస్తూనే ఉన్నాడు.

అప్పుడే అవునవును వచ్చాడు. డిప్యూటీ డైరెక్టరు. డైరెక్టరు మాట పూర్తయ్యేలోపే రెండుసార్లు అవునంటాడు కాబట్టి ఆ పేరు. చేతిలో పసుపు టేపు చుట్ట.

"ఏమ్మా, ఈ వరసంతా నీదేనా?"

"అవును సర్."

"టేపు చుట్టి పెడుతున్నా. శుక్రవారం ఖాళీ చెయ్యాలి. గోధుమవాళ్ళు చోటు అడుగుతున్నారు."

"కమిటీ గురువారం కదా సర్. ఇంకా ఏమీ తేలలేదు."

"తేలడానికేముందమ్మా? లైన్‌మాన్ సైట్లో అంత ఎరుపు పెట్టుకుని!" అని టేపు లాగాడు. అది మధ్యలో తెగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ తెగింది. అంత పెద్ద ఉద్యోగస్తుడు పళ్ళతో టేపు కొరుకుతుంటే లైన్‌మాన్ తీగ వదిలేసి మరీ చూశాడు. "ఏమంటావయ్యా లైన్‌మాన్, ఎరుపు ఎరుపే కదా?"

పిచ్చుక తల తిప్పింది. అతను ఏదైనా అంటాడేమోనని చూసింది.

"తెరలో వచ్చింది వచ్చినట్టు చూపిస్తుంది సర్ నా సైటు," అన్నాడు లైన్‌మాన్. ఉష్ణోగ్రత తెర వెలిగింది. తీగలు వదిలేసి బయటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రం వంటగదిలో భార్యకు ఇదంతా నాటకంలా వేసి చూపించాడు. ఆమె పళ్ళ డాక్టరు. క్లినిక్ నుంచి వచ్చి, కాళ్ళు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని కూర్చుంది. అవునవును టేపు కొరికిన తీరుకు పడిపడి నవ్వింది. "ఏ పక్క పన్నుతో కొరికాడు? కుడి పక్కదా? రేపో మాపో నా దగ్గరకొస్తాడు." తర్వాత నవ్వాపింది.

"ఆగాగు. ఆ ఎరుపు ఉత్తదేనా?"

"ఉత్తదే. కుడి పక్క ఎవడుంటే వాడికి పడుతుంది."

"ఆ పిల్లకి చెప్పావా?"

"నేనెందుకు చెప్పాలి? అంతంత చదివారు. ఎడమ, కుడి మార్చి చూద్దామని ఒక్కరికీ తట్టలేదు. బుర్రలు కావవి, దిష్టి గుమ్మడికాయలు."

"నీకు తప్ప ప్రపంచంలో ఎవరికీ బుర్ర లేదులే. ఇంతకీ ఆ పిల్ల వెళ్ళిపోతుందా?"

"డైరెక్టరుకు ఎదురు చెప్పమంటావా నన్ను?"

"నేనేం అనలేదు బాబూ. నా దగ్గరకొచ్చేవాళ్ళే నయం. భయపడతారు, ఏడుస్తారు, కానీ కూర్చున్నాక నోరైతే తెరుస్తారు." లేచి కుళాయి విప్పి చేతులు కడుక్కుంది. ఆమె రోజంతా కడుక్కుంటూనే ఉంటుంది.

ఆ మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. నోరు తెరవకుండానే ఆ కొలబద్దకు బుద్ధి చెప్పొచ్చని తట్టింది అప్పుడే. తట్టగానే కడుపు నిండినట్టయింది. మార్చాల్సింది రెండంటే రెండు అంకెలు. ఎడమకు కుడి, కుడికి ఎడమ. ఎవరికీ చెప్పనక్కర్లేదు. గోడ మీద తన మ్యాపు ఎర్రగా కనపడితే కొలబద్ద మొహం ఎలా పెడతాడో చూడ్డానికి ముందు వరసలో కుర్చీ వేసుకుంటే చాలు.

గురువారం సమావేశం గదిలో ఏసీ ఎక్కువ పెట్టి తలుపులు తీసి ఉంచారు. పొడవాటి బల్లకు ఆ చివర డైరెక్టరు, పక్కనే అవునవును, ఇంకో ఇద్దరు ఆచార్యులు. ఈ చివర బయటి నుంచి పిలిపించిన పరీక్షకురాలు. పెద్దావిడ, పొట్టి జుట్టు. చాప మీద కూర్చున్నంత సుఖంగా కుర్చీలో కూర్చుని కమలాపండు ఒలుస్తోంది. పిచ్చుక గోడవార నిలబడింది. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. అందుకేనేమో ఎవరో కొత్తమనిషిలా కనపడింది. లైన్‌మాన్ ప్రొజెక్టరు దగ్గర మౌస్ పట్టుకుని కూర్చున్నాడు.

ఏడో పట్టీ గోడ మీద పడింది. ఎడమ పక్క మ్యాపు కడిగిన ముత్యంలా ఉంది. కుడి పక్కది కింది సగమంతా ఎర్రగా మండిపోతోంది. పైన చిన్న అక్షరాల్లో పేర్లున్నాయి. ఆ అక్షరాలు ఎవరూ చదవరని లైన్‌మాన్‌కి తెలుసు. కానీ డైరెక్టరు కూడా చదవడని మాత్రం అతను అనుకోలేదు.

డైరెక్టరు లేచాడు. లేజరు చుక్కను కుడి పక్క మ్యాపు మీదికి ఒలికించాడు.

"చూడండి. మీరే చూడండి. ఇది మ్యాపా? కళ్ళకు గంతలు కట్టుకుని కట్టినట్టుంది. ఇందులో ఒక్క గుర్తైనా ఉండాల్సిన చోట ఉందా?"

"లేదు సార్, లేదు," అన్నాడు అవునవును.

"ఇది కట్టినవాళ్ళకు మొక్కంటే ఏమిటో తెలియదని నేను అననుగానీ..."

"అనొచ్చు సార్."

"ఇలాంటిది నా పేరు మీద అచ్చయితే నేను తలెత్తుకు తిరగలేను!"

లైన్‌మాన్ దవడలు బిగబట్టుకున్నాడు. నవ్వు ముక్కులోంచి తన్నుకొస్తోంది. పదేళ్ళ ఉద్యోగంలో ఇంత కమ్మటి మాట అతను వినలేదు. ఆచార్యులిద్దరిలో ఒకాయన కళ్ళద్దాలు సవరించుకుని గోడ పైభాగం చదివాడు. పక్కాయన మోకాలు నొక్కాడు. ఇద్దరూ తమ ముందున్న నీళ్ళ గ్లాసుల్ని శ్రద్ధగా చూడసాగారు.

"ఇప్పుడు ఎడమ పక్క చూడండి," అన్నాడు డైరెక్టరు. గొంతు మెత్తబడింది. "మచ్చ లేదు. నీటి ఎద్దడి తట్టుకునే జన్యువు ఇదిగో, ఇక్కడ, పట్టీ కింది కొసన. మనం మొదటి నుంచీ చెబుతున్నది ఇదే."

ఆయన మొదటి నుంచీ చెబుతున్నది అది కాదు. పట్టీ మధ్యలో ఉందని చెబుతున్నాడు. కింది కొసన ఉందని చెప్పింది పిచ్చుక. చెప్పినందుకే ఇవాళ ఆమె గోడవార నిలబడింది.

"అవునవును," అన్నాడు అవునవును. "మనం మొదటి నుంచీ అదే."

"రాసుకోవయ్యా. జన్యువు కింది కొసన ఉందని సంస్థ నిర్ధారించింది. డైరెక్టరు మ్యాపు ఆధారంగా. కుడి పక్క మ్యాపు తిరస్కరించడమైంది. ఆ కుండీలు రేపు తీసేయండి."

లైన్‌మాన్ ముక్కులో నవ్వు అక్కడే ఆగిపోయింది.

చెయ్యి మౌస్ మీదే ఉంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు, పైనున్న పేర్లు గోడంత పెద్దవవుతాయి. ఒక్క మాటన్నా చాలు. అవునవును కలం కాగితం మీద కదులుతోంది. ఆచార్యులు గ్లాసులు చూస్తున్నారు. ఎవరో ఒకరు అంటారులే అనుకున్నాడు లైన్‌మాన్. అలా అనుకుంటూ తనూ ప్రొజెక్టరు మీద దుమ్ము చూశాడు.

"సర్, ఎడమ పక్కది నాది."

గొంతు సన్నగా వచ్చింది. పిచ్చుక గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేసింది.

"ఏంటమ్మా?"

"ఎడమ పక్కనున్న మ్యాపు నాది సర్. పైన పేరుంది. కుడి పక్కది మీది."

డైరెక్టరు జేబులోంచి కళ్ళద్దాలు తీసి, పెట్టుకుని, గోడ దగ్గరికి నడిచి, మెడ ఎత్తి చదివాడు. ఆ చదవడంలో ఆయన నెత్తి మీద కూడా కాస్త ఎరుపు పడింది.

"లైన్‌మాన్! ఏమిటిది?"

అందరూ మొట్టమొదటిసారి అతని మొహం చూశారు.

"బగ్ అయ్యుంటుంది సర్," అన్నాడు లైన్‌మాన్. మాట ఎంత తేలిగ్గా వచ్చిందో! వెంటనే అంకెలు మార్చాడు. మ్యాపులు రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఎరుపు ఒక్క గెంతు గెంతి పిచ్చుక మ్యాపు మీద పడింది.

"హమ్మయ్య," అన్నాడు అవునవును. రాసింది కొట్టెయ్యబోయాడు.

"ఉండండి," అంది పరీక్షకురాలు. కమలా తొన నోట్లో వేసుకోబోయి ఆపింది. "మళ్ళీ మార్చు బాబూ."

మార్చాడు. ఎరుపు డైరెక్టరు మీదికి గెంతింది.

"ఇంకోసారి."

గెంతింది.

"పేచీ అదే పేచీ. ఎరుపొక్కటే గెంతుతోంది. ఏ మ్యాపు తప్పో నీ సైటుకు ఎలా తెలుస్తోంది?"

"తెలీదు మేడమ్. కుడి పక్క ఏదుంటే అది ఎర్రబడుతుంది."

"అంటే అక్కడ నా పెళ్ళి ఫోటో పెట్టినా ఎర్రబడుతుందన్నమాట."

కళ్ళద్దాల ఆచార్యుడు దగ్గినట్టు నవ్వాడు. పెద్దావిడ తొన తిని, వేళ్ళు తుడుచుకుని, పిచ్చుక వైపు తిరిగింది. "ఎన్ని మొక్కల మీద కట్టావమ్మా?"

"ఆరు వందలు మేడమ్."

"మీరండీ?"

డైరెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. "అప్పటి పరిస్థితులు వేరు. అప్పట్లో ఇన్ని సదుపాయాలు..."

"ఎన్ని మొక్కలండీ?"

డైరెక్టరు అవునవును వైపు చూశాడు. అవునవును మొదటిసారి ఏమీ అనలేదు.

"డెబ్భై ఉంటాయి."

"సరే. ఆ అమ్మాయి మ్యాపు నేను ఒప్పుకుంటున్నాను. కుండీలు అక్కడే ఉండాలి, పంట చేతికొచ్చేదాకా. ఇది రాసుకోండి, దిద్దుబాట్లు లేకుండా."

సమావేశం అయ్యాక లైన్‌మాన్ ప్రొజెక్టరు తీగలు చుట్టి చంకలో పెట్టుకుని, వరండాలో పిచ్చుకను అందుకున్నాడు. ఒళ్ళు తేలిగ్గా ఉంది. ఎలాగైతేనేం, అనుకున్నది అయింది.

"ఎలా ఉంది మన దెబ్బ?"

ఆమె ఆగింది. "మనదా?"

"మరి? మ్యాపులు అటూ ఇటూ చేసింది ఎవరనుకున్నావ్?"

"బగ్ అన్నారుగా."

"అక్కడ అలా అనాలి కదమ్మా."

"నేను నోరు తెరవకపోతే నా మ్యాపు ఆయనదైపోయేది. ముందు నాకొక్కమాట చెప్పాల్సింది." ఇంకేదో తట్టినట్టు అతన్ని కొత్తగా చూసింది. "ఆ రంగు... కుడి పక్క ఏదుంటే దానికే పడుతుందని మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"సైటు నాదేగా."

"మూడుసార్లు ఆకులు కోశాను సర్. మూడుసార్లూ మీ గుమ్మంలోనే నిలబడి అడిగాను, తప్పెక్కడుందని. మళ్ళీ చేసి చూడు అన్నారు."

ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది. మెట్ల మీద ఉమ్మినదాన్ని దాటి వెళ్ళేముందు చూసినట్టు ఒక్కసారి చూసింది. ఆ చూపు అతనికి కొత్తది కాదు. పొద్దున గేటు దాటినప్పటి నుంచి సాయంత్రం దాకా అతను అందరినీ చూసేది ఆ చూపుతోనే. కానీ దానికి ఎదురుగా నిలబడ్డం అతనికి ఎప్పుడూ అలవాటు లేదు.

"మొక్కలకు నీళ్ళు పెట్టాలి," అని ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు అతను రాగానే చేసిన మొదటి పని ఆ ఒక్క వరస ప్రోగ్రాం తీసెయ్యడం. ఎరుపు పోయింది. ఇప్పుడు గీతలూ గుర్తులూ అన్నీ ఒకే బూడిద రంగు, పేచీ ఉన్నా లేకపోయినా. ప్రతి మ్యాపు కిందా ఎన్ని మొక్కల మీద కట్టారో రాసుకునే చోటు పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే చేశాడు. పని అయ్యాక ఒళ్ళు విరుచుకుని, ఇంకేముంది, అయిపోయిందిగా అనుకున్నాడు.

ఫోను మోగింది. దూరాన ఎక్కడో ఉన్న విత్తన కేంద్రంలో జొన్న వంగడాలు తయారుచేసేవాడు. ఏళ్ళ తరబడి సైటు వాడుతున్నాడు. మనిషిని ఎప్పుడూ చూడలేదుగానీ గొంతు తెలుసు.

"అన్నా, నమస్తే. సైటు చెడిందా ఏంటి? పొద్దున్నుంచి ఎరుపు కనపడ్డం లేదు."

"చెడలేదు. నేనే తీసేశాను."

"అయ్యో, తీసేశారా! మరి మేం సర్దుకోవడం ఎట్లా?"

"సర్దుకోవడం ఏంటి?"

"అదే అన్నా. కొత్త మ్యాపు కట్టినప్పుడల్లా మీ ఎడమ పక్క మ్యాపుతో పెట్టి చూసుకుంటాం కదా. ఎక్కడ ఎర్రగా వస్తే అక్కడ గుర్తుల వరస మార్చుకుంటూ వస్తాం, ఎరుపు పోయేదాకా. ఏడో పట్టీతో అయితే చచ్చేంత పనయిందనుకోండి."

లైన్‌మాన్ కుర్చీలో ముందుకు వంగాడు. "మీ మొక్కలు ఏం చెప్పాయి?"

"మొక్కలు వేరేగా చెప్పాయి అన్నా. జన్యువు కింద కొసన ఉందని వచ్చింది. మా లెక్కే తప్పనుకుని మధ్యలోకి తెచ్చాం. ఆ ప్రకారమే విత్తనం ఎంచుకుంటున్నాం."

"మొదట వచ్చిన వరస దాచిపెట్టారా?"

"తప్పని తేలాక ఎవరు దాస్తారన్నా?"

లైన్‌మాన్ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మౌస్ అందుకున్నాడు. ఆ కేంద్రం మ్యాపు తెరిచాడు. డైరెక్టరు మ్యాపు పక్కన పెట్టాడు. గీతలు నిచ్చెన మెట్లలా తిన్నగా ఉన్నాయి. ఇంకో కేంద్రం మ్యాపు తెరిచాడు. తిన్నగా ఉన్నాయి. ఇంకోటి. అదీ అంతే. ఏళ్ళుగా ఒకదాని తర్వాత ఒకటి వచ్చి చేరిన మ్యాపులు అవన్నీ. జొన్నకు ఇంత చక్కగా కుదిరిన మ్యాపులు ఇంకే సైటులోనూ లేవని ఎన్ని సభల్లో చెప్పుకున్నాడో!

"మీ కేంద్రం ఒక్కటేనా, ఇలా..."

"ఒక్కటేంటన్నా, అందరం అంతే. కొత్తగా చేరినవాళ్ళకు మొదట నేర్పేదే అది."

లైన్‌మాన్ ఇంకో మ్యాపు తెరిచాడు. తిన్నగా ఉంది. ఇంకోటి తెరవబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"అన్నా, వినపడుతోందా?" అన్నాడు అవతలివాడు. గొంతులో అనుమానం లేదు. వెటకారం లేదు. అతని మీద పూర్తి నమ్మకం ఉన్నవాడి గొంతు అది. "మాకు పని ఆగిపోయింది. ఎరుపు మళ్ళీ ఎప్పుడు పెడతారో చెప్తే, మావాళ్ళను అప్పటిదాకా ఆగమంటాను."